కూయని మైకు

అల్లూరు తహీర్‌కి మైకు కూత అంటే ఒళ్లు మంట. మైకు సెట్ పెట్టుకుని బతికేవాడికి అంతకన్నా శత్రువు ఇంకెవరుంటారు చెప్పండి. మైకులో పోయిన మాట హారన్లోంచి బయటికొస్తుంది. వచ్చింది ఊరికే ఉంటుందా, మళ్లీ ఆ మైకులోకే దూరుతుంది. అట్లా తిరిగి తిరిగి బలిసి, చెవులు చిల్లులు పడేటట్టు కీచుమని కూస్తుంది. ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకు కూసింది. పసిబిడ్డలు గుక్కపట్టినారు. పెళ్లికొడుకు మేనమామ తహీర్‌ని నలుగురిలో నిలబెట్టి అనరాని మాటలన్నీ అన్నాడు. ఆ పూట తహీర్ విస్తరి ముందు కూర్చోకుండానే ఇంటికొచ్చినాడు.

నెల్లూరులో ఉండే బావమరిది ఆ బాధ చూడలేక ల్యాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చినాడు. మైకు వైరు దాంట్లోకి పోయి, ఆంప్లికి దాంట్లోంచే వస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ పని ఒకటే. లోపలికొచ్చే శబ్దాన్ని వింటా కూర్చుంటుంది. ఎక్కడన్నా ఒకే స్వరం ఆగకుండా సాగిందా, ఇదే కూత అనుకుని ఆ స్వరాన్ని కోసి పారేస్తుంది. మిగతా మాట మాటలాగే పోతుంది. దానికేం తెలుసు, పాపం, చెప్పింది చేస్తుంది.

అంతే, తహీర్ తల ఎత్తుకుని తిరగడం మొదలుపెట్టినాడు. సభల్లో, పెళ్లిళ్లలో, పేర్లు చదివే కాడ ఎక్కడా కీచుమన్న పాపాన పోలేదు. "నా మైకు కూస్తే నా చెవి కోసిస్తా" అని టీ అంగట్లో పందేలు కూడా కాసినాడు. కోతలకేం, ఎన్నయినా కోయొచ్చు.

బోగోలు అవతల, సముద్రం ఒడ్డున ఒక పాళెంలో అంకాలమ్మ తిరునాళ్లకు తహీర్‌దే మైకు. తిరునాళ్ల రెండోరోజు తెల్లారేసరికి మంచు దిగింది. పక్క మనిషి పక్క మనిషికి కనబడని మంచు. అప్పటికే పేరమ్మ కొడుకు రవి కుమార్, పేరమ్మ తమ్ముడు ఓబులేసు, ముందురోజు వేసిన వల తీయడానికి ఫైబరు బోటులో పోయి ఉన్నారు. పేరమ్మకు మొగుడు లేడు. ఉన్నది ఆ ఒక్క బిడ్డే, వాడికి మొన్ననే పిల్లను కూడా చూసి వచ్చినారు.

పొద్దెక్కినాక ఇంకో బోటువాళ్లు ఒడ్డుకొచ్చి పిడుగులాంటి మాట చెప్పినారు. మంచులో ఓబులేసు కేక వినబడిందంట. బోటు బోర్లాపడింది, ఇద్దరం దాన్ని పట్టుకునే ఉన్నాం అని అరిచినాడంట. వీళ్లు తిరిగి తిరిగి వెతికినా ఆ చోటు దొరకలేదు. ఇంకా తిరిగితే ఇంజను రెక్కలు నీళ్లల్లో ఉన్న మనిషికే తగులుతాయని భయపడి వచ్చేసినారు.

పేరమ్మ ఇసకలో కూలబడింది. పాళెం పెద్దలు మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మంచులో మనిషి దారి తప్పితే ఏం చెయ్యాలో వాళ్ల తాతల నాటి నుంచీ ఒక కట్టుబాటు ఉంది. ఒడ్డున ఒకే చోట నిలబడి ఒకే గొంతు పిలవాలి. తల్లిదో పెళ్లాందో, ఎవరిదైనా ఒక్కటే గొంతు. మిగతా వాళ్లు నోరు మెదపకూడదు, ఇంజను వెయ్యకూడదు. నాలుగు వైపులా నాలుగు కేకలు పడితే నీళ్లల్లో ఉన్నోడికి ఒడ్డు ఎటో తెలీదు. ఒకే పిలుపు అయితే దానికి ఎదురుగా ఈదుకుంటా వచ్చేస్తాడు. గొంతు ఆగితే రేకు డబ్బా కొడతారు, మళ్లీ గొంతు.

డబ్బా తేబోతుంటే తహీర్ అడ్డం వచ్చినాడు. డబ్బా ఎందుకు, నా హారన్లున్నాయి గదా, సముద్రం వైపు తిప్పి పెడతా, అక్క గొంతు మైళ్ల దూరం పోతుంది అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, దాంట్లో అనుమానం లేదు. పెద్దలకూ నిజమే అనిపించింది. హారన్లు నీళ్లకు ఎదురుగా తిప్పినారు, జనరేటర్ను దూరంగా దిబ్బ అవతలికి జరిపినారు, డబ్బా పక్కన పడేసినారు.

పేరమ్మ లేచింది. మైకు రెండు చేతుల్తో పట్టుకుని కొడుకుని పిలిచింది.

"రవీ..."

ఆ చివరి అక్షరాన్ని ఊపిరి ఉన్నంతదాకా సాగదీసింది. ఆ పాళెం ఆడవాళ్ల పిలుపే అంత, అలల మోతను దాటాలంటే అట్లా పిలవాల్సిందే. మొదటి పిలుపు హారన్లలోంచి ఒడ్డంతా దద్దరిల్లేటట్టు పోయింది. మళ్లీ పిలిచింది, మళ్లీ, ఆగకుండా.

తహీర్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెవుల్లో పేరమ్మ గొంతు నిండుగా మోగుతోంది. కూత లేదు, గరగర లేదు. గాలీ అలలూ ఉన్న చోట కూడా ఇంత శుభ్రంగా పోతోందే అని లోలోపల కొంచెం గర్వం కూడా కలిగింది. మనిషి బుద్ధి చూడండి, అంత దుఃఖంలోనూ తన పనితనం తనకు ముద్దే.

హారన్ల వెనక నిలబడ్డ ముసలామె ఆదిశేషమ్మ కాసేపటికి అతని భుజం తట్టి మెల్లగా అడిగింది. "అబ్బయా, గొంతు అవతలికి పోతోందా? ముందున్నంత లేదే."

"హారన్లు అటు తిరిగి ఉండాయి గదా పెద్దమ్మా, ఇటు ఇంతే వినబడుద్ది. నా చెవుల్లో బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు తహీర్.

చదువుకున్న యంత్రం ముందు ముసలిదాని చెవి ఏపాటిది. ఆమె వెనక్కి పోయి నిలబడింది. పేరమ్మ పిలుస్తానే ఉంది. గొంతు బొంగురుపోయింది, చీరుకుపోయింది, పెదవుల చివర నెత్తురు కనబడింది. నీళ్లు ఇవ్వబోతే తోసేసింది. మంచినీళ్లు తాగే లోపల బిడ్డ దారి తప్పుతాడని ఆ తల్లి భయం.

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. సముద్రం అద్దంలా బయటపడింది. బోటు బోర్లాపడి తేలుతా కనబడింది, మరీ అంత దూరం కూడా కాదు. దాన్ని పట్టుకుని మాత్రం ఎవరూ లేరు.

కాసేపటికి పక్క పాళెం వాళ్లు ఓబులేసుని మోటార్ సైకిల్ మీద, ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తెచ్చినారు. ఎటో ఈది, స్పృహ తప్పి, వాళ్ల ఒడ్డున పడ్డాడంట. ఒక్కడే. వాడి మొహం చూడగానే పేరమ్మకు సంగతి తెలిసిపోయింది. ఏడవడానికి నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు. ఓబులేసు అక్క కాళ్ల దగ్గర పడిపోయి అడిగినాడు.

"ఎందుకు ఆపేసినావక్కా?"

ఎవరికీ అర్థం కాలేదు. వాడే ఎక్కిళ్ల మధ్య చెప్పుకొచ్చినాడు. బోటును పట్టుకుని ఇద్దరూ బాగానే ఉన్నారంట. మంచు విడిచేదాకా వదలొద్దనే అనుకున్నారంట. అప్పుడు పిలుపు వచ్చింది. పక్కనే ఉన్నట్టు, అంత పెద్దగా వచ్చింది. అదిగో అమ్మ, ఒడ్డు ఇంత దగ్గరుంది మామా, పోదాం పద అని రవి బోటు వదిలేసినాడు. ఇద్దరూ ఆ గొంతుకు ఎదురుగా ఈదినారు. ఈదుతా ఉంటే పిలుపు సన్నబడింది. ఇంకా సన్నబడింది. చివరికి 'ర' అని ఒక చిన్న చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. వెనక్కి పోదామంటే బోటు ఎటో తెలీదు. రవికి కాళ్లు పట్టేసినాయి.

"మా అమ్మ అలిసిపోయినట్టుంది మామా, పిలవడం మానేసింది అన్నాడక్కా. అదే ఆఖరి మాట."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆపలేదురా, ఇప్పటిదాకా పిలిచిందిరా, నోట్లోంచి నెత్తురు కారినా పిలిచిందిరా అని ఓబులేసుని పట్టుకుని ఊపేసినారు. పేరమ్మ తల అడ్డంగా ఊపుతోంది, ఊపుతానే ఉంది.

తహీర్ హెడ్‌ఫోన్లు తీసి పడేసినాడు. ల్యాప్‌టాప్ దగ్గరికి పోయి చూసినాడు. తెర మీద శబ్దపు గీత నేరుగా ఉండాల్సింది, చిల్లులు పడ్డ వలలా ఉంది. ఒక్కో చిల్లూ ఒక్కో కోత. పేరమ్మ 'ఈ' అని సాగదీసిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ దాన్ని మైకు కూత అనుకుని కోసింది. ఆమె గొంతు బొంగురుపోయి స్వరం మారితే ఆ కొత్త స్వరాన్నీ కోసింది. అతని హెడ్‌ఫోన్లోకి వచ్చేది మైకులోంచి నేరుగా వచ్చే గొంతు, కోతంతా దాని తర్వాత. కూతకు సాఫ్ట్‌వేర్ పెట్టినాడే గానీ, అతని మైకు ముందు అంత సేపు ఒకే అక్షరాన్ని సాగదీసి పిలిచినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఊడింది నాలుక కాదు, ఒక తల్లి కడుపు.

అసలు మైకే లేకుంటే? పిలుపు అంత దగ్గరగా వినబడేదే కాదు. బోటు వదిలేవాళ్లే కాదు. తహీర్ ల్యాప్‌టాప్ మూసేసినాడు.

పారిపోవాలనిపించింది. అక్కడ ఉన్నవాళ్లలో ఎవరికీ ఈ లెక్క తెలీదు, హారన్లు కట్టుకుని పోతే అడిగే నాథుడు లేడు. కానీ ఆ తల అడ్డంగా ఊగడం చూసి పోలేకపోయినాడు. జనాన్ని తోసుకుని పోయి పేరమ్మ ముందు కూలబడినాడు. ఆమె గొంతు ఆగలేదనీ, తన ల్యాప్‌టాప్ దాన్ని మైకు కూత అనుకుని కోసేసిందనీ, హారన్లోంచి బయటికి పోనియ్యలేదనీ అందరి ముందూ చెప్పినాడు. ఓబులేసు పిచ్చోడిలా చూసినాడు. ఎవరో తహీర్ చొక్కా పట్టుకున్నారు.

"నువ్వు ఆపలేదక్కా, నేనే ఆపినా. నన్ను చంపినా సరే, నువ్వు ఆపలేదు" అన్నాడు తహీర్.

పేరమ్మ చెయ్యెత్తి చొక్కా పట్టుకున్నవాణ్ణి వదలమంది. తహీర్ మొహంలోకి చూసింది. కోపం కూడా లేదు ఆ కళ్లల్లో, ఉంటే బాగుండేది. గొంతు లేదు గనక పెదవులు కదిలించి, గాలితో అడిగింది. వినడానికి తహీర్ వంగాల్సి వచ్చింది.

"నాకు చెప్పినావు, సరే అబ్బయా. వాడికెవరు చెప్తారు?"