సూప్ గిన్నెలో ఫోన్లు, స్టేడియంలో సీటు

మా అన్నయ్య కాజ్‌కి నోరు ముందు, బుర్ర వెనక. ఆ రోజు మా బేస్‌మెంట్‌లో జరిగిన రభసకి అదే కారణం. తమ్ముడు రోమన్ కూడా తక్కువేం తినలేదు. వాడికసలు నోరొక్కటే ఉంది, బుర్ర ఎక్కడ పెట్టి మర్చిపోయాడో ఇప్పటికీ తెలీదు.

ఏటా ఏప్రిల్లో అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ రోజున మా టొలీడో ఊళ్ళో ప్రతి ఇంట్లో జరిగేదే మా ఇంట్లోనూ జరుగుతుంది. టీమ్‌లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఏరుకుంటుంటే, మేం సాసేజీలు నములుతూ మా ఊరి టీమ్ గ్లాస్‌మెన్ ఎవర్ని తీసుకోవాలో టీవీకి చెబుతుంటాం. టీవీ ఏనాడూ మా మాట విన్న పాపాన పోలేదు.

పోయిన సీజన్లో బంతి విసిరే మా క్వార్టర్‌బ్యాక్ హెండ్రిక్‌ని చూస్తే పగవాడికైనా జాలేసేది. బంతి చేతికొచ్చీ రాకముందే అవతలి టీమ్ దున్నపోతులు వచ్చి మీద పడేవి. పాపం, ఆ పిల్లాడు నిలబడ్డ సేపటికన్నా వెల్లకిలా పడుకున్న సేపే ఎక్కువ. ఇప్పుడతన్ని ఎలా బతికించుకోవాలన్నదే గొడవంతా.

"ముందు నిలబడి కాచే లైన్‌మన్ కావాలిరా," అన్నాడు అన్నయ్య, ఫోర్కు ఊపుతూ. "ఆ నెబ్రాస్కా కుర్రాణ్ణి తేవాలి. వాడు మనిషి కాదు, బీరువా. వాడి వెనక నిలబెడితే మన బెర్నీ కూడా బంతి విసిరేస్తుంది."

"మధ్యలో నన్నెందుకు లాగుతావ్?" అన్నాను.

"విసిరితే పట్టేదెవడు? బీరువా పడుతుందా?" అన్నాడు రోమన్. "మన రిసీవర్లు చేతులకి వెన్న రాసుకుని వస్తారాయె. ఆ కాలేజీ రిసీవర్ ఫెయిర్‌లీని తెమ్మను. వాడు పరిగెత్తితే హెండ్రిక్ టక్కున విసిరేసి ఊపిరి పీల్చుకోవచ్చు. తన్నులు తినడానికి టైమే ఉండదు."

"ఒరే, రెండేళ్ళుగా రిసీవర్లనే తెస్తున్నారు కదరా! కప్పు కారుతుంటే కర్టెన్లు కొంటారా ఎవరైనా?"

"నీ ఇంటి కప్పు సంగతి చూసుకో ముందు. హాల్లో బకెట్ పెట్టుకుని బతుకుతున్నావు."

అక్కడితో ఆగితే వాళ్ళు మావాళ్ళెందుకవుతారు? అన్నయ్య బల్ల మీద దబ్బున గుద్దాడు. "మళ్ళీ రిసీవర్నే తెచ్చారంటే నా సీజన్ టికెట్ వదిలేస్తా. నా సీటు నీ బావమరిది క్లీటస్‌కి ఇచ్చెయ్!"

"లైన్‌మన్‌ని తెస్తే నా సీటు క్లీటస్‌కి ఇచ్చేస్తా, పో!"

అందరి ముందూ చేతులు కలిపారు. మూలన కూర్చున్న క్లీటస్ మొహం మాత్రం చేటంతయింది. ఎవరు ఓడినా లాభం వాడిదే.

నాకు మాత్రం నవ్వు రాలేదు. పక్కపక్కనే ఉన్న ఆ రెండు సీట్లూ మా నాన్నవి. వదిన ఐరీన్ పోయాక అన్నయ్య గడప దాటడం మానేశాడు. చర్చికి రాడు, బౌలింగ్‌కి రాడు, పుట్టినరోజుకి పిలిస్తే మోకాలు నొప్పంటాడు. ఆట ఉన్న ఆదివారం ఒక్కటే షేవ్ చేసుకుని, రోమన్ వచ్చి హారన్ కొడితే బయటికొస్తాడు. ఆ సీటు కూడా పోతే ఇక ఆ ఇంట్లో, ఆ బకెట్ పక్కన కూర్చుని కుళ్ళిపోతాడు. పోనీ నోరు జారాడులే అనుకుందామా, మాటంటే మాటే ఆయనకి. ఒకసారి పందెం ఓడి ఏడాదంతా బీరు ముట్టలేదు. సొంత కూతురి పెళ్ళిలో నిమ్మరసం తాగిన మహానుభావుడు.

మా వంతు దగ్గరపడింది. ఆనవాయితీ ప్రకారం ఫోన్లన్నీ సూప్ గిన్నెలో వేసి మూత పెట్టేశాం. టీవీ చెప్పేలోపే ఫోన్లు కూసేస్తాయి, ముందుగా చూసినవాడు అందరి పండగా పాడుచేస్తాడు. మా ఇంట్లో అంతకన్నా పెద్ద పాపం లేదు.

"సాస్ అయిపోయింది, తెస్తా," అని రోమన్ పైకెళ్ళాడు. ఎంతకీ రాకపోతే నేనూ వెళ్ళాను. వంటింట్లో నేను ఛార్జింగ్‌కి పెట్టి మర్చిపోయిన ఫోన్ మీద వంగి ఉన్నాడు.

"దొంగ వెధవా!" అన్నాను.

తిరిగి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఫెయిర్‌లీనే తీసుకున్నారక్కా. నేను గెలిచాను."

ఇంట్లో ఎవరో పోయారని చెప్పినట్టు చెప్పాడు. కింద నుంచి అన్నయ్య నవ్వు వినబడుతోంది.

"పందెం లేదు, గిందెం లేదు అనెయ్యి," అన్నాను.

"వింటాడా? నా మీద జాలి చూపిస్తావట్రా అని ఇంకా బిగుసుకుంటాడు. ఏదో వాగాను కానీ, అన్నయ్య లేకుండా నేనక్కడ ఎవడి పక్కన కూర్చోవాలక్కా? క్లీటస్ గాడి పక్కనా? వాడు పొద్దుతిరుగుడు గింజలు నమిలి తొక్కలు నా బూట్ల మీద ఉమ్ముతాడు." సింకు దగ్గర మొహం కడుక్కుని, సాస్ మర్చిపోయి కిందకెళ్ళాడు. వెనకే నేనూ.

"అన్నయ్యా, ఆలోచించాను. నువ్వన్నదే రైటు. బీరువాయే కావాలి."

అన్నయ్య సాసేజీ నోటి దగ్గరే ఆపేశాడు. "పైన ఏమైనా తాగొచ్చావా?"

"లేదు. హెండ్రిక్ మొహం గుర్తొచ్చింది. ముందు వాణ్ణి కాచుకోవాలి."

"మరి పందెం?"

"ఇద్దరిదీ ఒకటే మాటయ్యాక ఇంకెక్కడి పందెం?"

"అదెలా కుదురుతుంది?" అని క్లీటస్ లేచాడు. "కూర్చోవయ్యా!" అని నేనరిచిన అరుపుకి గింజలన్నీ కింద పోసుకుని కూర్చున్నాడు.

అన్నయ్య వచ్చి రోమన్ని గట్టిగా వాటేసుకున్నాడు. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందిరా నీకు!" అని వాడి వీపు వాయగొట్టాడు. అప్పుడే టీవీలో మైకు ముందుకి ఒకాయన వచ్చి ఫెయిర్‌లీ పేరు చదివాడు.

అన్నయ్య గోలకి సీలింగ్ ఎగిరిపోయేదే. రోమన్ అంతకు మించి ఏడ్చాడు. టోపీ నేలకేసి కొట్టాడు, "కొంప ముంచారు దుర్మార్గులు!" అని సోఫా దిండుని గుద్దాడు. మరీ అంత నటనా! నవ్వాపుకోలేక నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను.

"అంతా నీ వల్లేరా," అన్నాడు అన్నయ్య చివరికి. "జన్మలో ఒక్కసారి నా వైపొచ్చావు, దరిద్రం నీతోపాటే వచ్చింది."

"అవునన్నయ్యా," అన్నాడు వాడు తలొంచుకుని.

అక్టోబర్లో ఒక ఆదివారం నాకూ వాళ్ళ వెనక వరసలోనే టికెట్ దొరికింది. ఊరి పక్క సరస్సు మీంచి వచ్చే గాలికి దవడలు కొట్టుకుంటున్నాయి. మా లైన్ ఎప్పట్లాగే పేకమేడలా కూలింది. ముగ్గురు మీదికొస్తుంటే హెండ్రిక్ కళ్ళు మూసుకుని విసిరినట్టే విసిరాడు. ఫెయిర్‌లీ గాల్లోకి లేచి ఒంటిచేత్తో అందుకున్నాడు. టచ్‌డౌన్, ఆరు పాయింట్లు! స్టేడియమంతా లేచింది. రోమన్ కూడా లేచి, అన్నయ్య వైపు తిరిగి, నోరంతా తెరిచాడు. తెరిచి, నావైపు చూసి, మూసేశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగడం నాకు స్పష్టంగా కనబడింది.

"చూశావురా?" అన్నాడు అన్నయ్య. "ఇలాంటి పిల్లాణ్ణి పట్టుకుని వద్దన్నావు కదరా నువ్వు!"

"నేనా?"

"మరి నేనా? బీరువా కావాలీ, బీరువా కావాలీ అని అందరి ముందూ ఏడ్చి చచ్చింది ఎవడు? దిండు కూడా చింపావు."

ఇప్పుడు కక్కేస్తాడు చూడు అనుకున్నాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "అవునన్నయ్యా. ఆట సంగతి నాకేం తెలుసు," అన్నాడు.

అన్నయ్య తన దుప్పటి సగం లాగి వాడి మోకాళ్ళ మీద కప్పాడు. "పోన్లే, బాధపడకు. వచ్చే ఏడూ ఇక్కడే కూర్చుంటాం కదా, మెల్లగా నేర్పిస్తాను."