నడక గేరు

ఆల్బినా పెళ్ళి చేసుకునేనాటికి ఆమెకు యాభై ఆరేళ్ళు. పెళ్ళికొడుకు ఎమిల్ హ్రుబీ అరవై దాటినవాడు, మొదటి భార్య పోయినవాడు. ఆల్బినా ఇంటికి ఎనభై మైళ్ళ అవతల ఊళ్ళో మెకానిక్ షెడ్డు నడిపి, ఈమధ్యే మానుకున్నాడు. పెళ్ళి భోజనాల దగ్గర ఆల్బినా తమ్ముణ్ణి పక్కకు పిలిచింది.

"ఒరే లాడీ, చలికాలం మేతకు నీకెవర్రా తోడు?"

"పక్క మకాం తొమాషెక్ వాళ్ళ జీతగాడు పొద్దున్నే వస్తానన్నాడక్కా. బండి వాడు తోలతాడు."

"నిజమేనా?"

"నీ పెళ్ళినాడు అబద్ధమాడతానా!" అన్నాడు లాడీ కుచెరా. ఆడాడు. ఏ జీతగాడూ లేడు.

ఇసుక గుట్టల్లో అక్కాతమ్ముళ్ళు ఇన్నాళ్ళూ కలిసి నడిపిన పశువుల మకాం తండ్రి నాటిది. తారురోడ్డు ఎక్కాలంటే పన్నెండు మైళ్ళ ఇసుక బాట. మంచు పడ్డాక ఊరి కార్లు ఆ బాటలోకి దిగవు. దిగేది లాడీ పికప్పు ఒక్కటే. ఇరవై ఏళ్ళు దాటిన బండి అది. వెనక ఇరుసులో పళ్ళచక్రాలు బరువు లాగడానికి పెట్టినవి. టాపు గేరులో కూడా ఇంజను ఐదుసార్లకు పైగా తిరిగితే గాని చక్రం ఒకసారి తిరగదు. అందుకని దానికి బలమెక్కువ, పరుగు తక్కువ.

మొదటి గేరైతే మనిషి నడక కంటే నెమ్మది. ఆల్బినా ఉన్నన్నాళ్ళూ ఆమె స్టీరింగు పట్టుకునేది, లాడీ వెనక నిలబడి ఎండుగడ్డి విసిరేవాడు. ఇప్పుడు మొదటి గేరులో వేసి, స్టీరింగును తాడుతో కట్టి, దిగి, వెనక్కి ఎక్కుతున్నాడు. కంచె దగ్గరపడితే దూకి, నడుచుకుంటూ ముందుకు వెళ్ళి, తలుపు తీసి బండిని తిప్పుతున్నాడు. ట్రాక్టరు ఉంది గాని చలికి అది వసంతం దాకా నిద్ర లేవదు. గుట్టల్లో ఒంటిమనుషులు మేత వేసేది ఇలాగే. డ్రైవరు లేని బండి, దాని వెనక ఆవుల బారు. ఎవరూ వింతగా చూడరు. చూడ్డానికి ఎవరూ ఉండరు కూడా.

ఆదివారం తమ ఇంటికి భోజనానికి రమ్మని ఆల్బినా మరీ మరీ చెప్పింది. రెండుసార్లు వెళ్ళాడు. హైవే మీద నలభై అయిదు మైళ్ళు దాటితే ఇంజను గోలపెట్టేది. గేరు రాడ్డు వణుకుకు అరచెయ్యి తిమ్మిరెక్కేది. పశువుల లారీలు వెనకనుంచి హారను మోగించి, దాటిపోయేటప్పుడు బండి రోడ్డు దిగిపోతుందేమో అన్నంత గాలి కొట్టేవి. అతను చేరేసరికి బాతుమాంసం చల్లారిపోయేది. తిన్న చెయ్యి ఆరకముందే లేచేవాడు. బండి దీపాలు గుడ్డివి, చీకటి పడితే ఇసుక బాట కనబడదు.

"కాఫీ అయినా తాగి వెళ్ళరా."

"పొద్దు పోతుందక్కా."

"నీ ఒక్కడికే పోతుందా పొద్దు?"

నవంబరులో పొద్దు మరీ కురచయింది. ఇక రాలేనన్నాడు లాడీ. అప్పుడు ఎమిల్ బండి కిందికి దూరి చూసి, చేతులు దులుపుకుంటూ లేచాడు.

"బావమరిదీ, నీ ఇంజను మంచిదేనయ్యా. వెనక ఇరుసే దున్నపోతు. నా దగ్గర వేరే బండి పళ్ళచక్రాలు ఉన్నాయి. మూడున్నర చుట్లకే చక్రం తిరుగుద్ది. అవి బిగించానంటే అరవై మీద ఈల వేసుకుంటూ రావచ్చు."

"మరి మొదటి గేరు బావా?"

"అదీ కొంచెం పెరుగుద్ది. పెరిగితే ఏం? డ్రైవరుకు కాలు లేదా, క్లచ్చు లేదా?"

డ్రైవరే లేడని లాడీ చెప్పలేదు. లోపల ఆల్బినా పళ్ళేలు సర్దుతున్న చప్పుడు వింటూ, "సరే బావా, బిగించు" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం బండి కొత్తదానిలా పోయింది. అరవై మీద కూడా ఇంజను తనలో తను ఏదో గొణుక్కుంటున్నట్టు నిమ్మళంగా తిరిగింది. వెనక లారీ ఏదీ హారను కొట్టలేదు. బాతు పొగలు కక్కుతుండగానే బల్ల ముందు కూర్చున్నాడు. పిండి ఉండలు, పుల్లటి క్యాబేజీ, తర్వాత గసగసాల రొట్టెలు. పేకాటలో ఎమిల్ దొంగాట ఆడి దొరికిపోయాడు. వారమంతా ఎవరితోనూ మాట్లాడని లాడీ ఆ మధ్యాహ్నం ఎర్రావు కుంటడం గురించీ, గాలిమర కిర్రుమనడం గురించీ చెబుతూనే ఉన్నాడు. ఆల్బినా వింటూనే ఉంది. మరో రెండు ఆదివారాలు అలాగే గడిచాయి.

మిగతా రోజులు వేరు. మంచులో మొదటి గేరు వేసి వదిలితే ఇంజను బలం చాలక నాలుగు గజాలు లాగి ఆగిపోయేది. ఆగకుండా ఉండాలంటే స్టీరింగు పక్కనున్న బొత్తాం లాగి ఇంజను వేగం పెంచాలి. పెంచితే బండి మనిషి కోసం ఆగేది కాదు. గడ్డి ఒకచోట కుప్పగా, ఒకచోట పల్చగా పడేది. కంచె దగ్గర దూకి పరిగెత్తాలి. ఒక పొద్దున దూకినప్పుడు మోకాలు మెలిపడింది. మంచులో పడి ఉండగానే బండి అతన్ని దాటిపోయి, ముళ్ళకంచె తెంపుకుని, గాలిమర కింది నీళ్ళతొట్టికి గుద్దుకుని ఆగింది. లాడీ పాక్కుంటూ వెళ్ళి ఇంజను ఆపాడు. తెగిన కంచె కట్టేసరికి మధ్యాహ్నమైంది. మర్నాడూ బొత్తాం లాగాడు.

ఆ ఆదివారం అతను గుమ్మంలో అడుగు పెట్టగానే ఆల్బినా చూసింది.

"ఆ కాలేంట్రా?"

"జారానక్కా."

"బండి మూతి అలా ఉందేంటి? అదీ జారిందా?"

లాడీ టోపీ తీసి వంకెకు తగిలించాడు. ఆల్బినా నడుముకు కట్టిన వంటగుడ్డ మీదే కోటు వేసుకుని బయటికి వెళ్ళింది. సందులో మంచు మేటలోకి బండి తోలడం కిటికీలోంచి కనబడింది. మొదటి గేరులో వేసి కాలు తీసింది. బండి ఆగిపోయింది. బొత్తాం లాగి మళ్ళీ వదిలింది. ఈసారి అది ముందుకు ఉరికింది. ఆపేసి ఆమె స్టీరింగు నుంచి ఏదో విప్పింది. లోపలికి వచ్చినప్పుడు ఆమె చేతిలో తాడు ఉంది.

"స్టీరింగుకు ఇదెందుకు కట్టావు?"

లాడీ తాడు కోసం చెయ్యి చాచాడు. ఆల్బినా ఇవ్వలేదు.

"జీతగాడు తోలుతున్నాడన్నావు."

"అనకపోతే నువ్వు పెళ్ళి చేసుకునేదానివా?"

ఎమిల్ ఫోర్కు కింద పెట్టాడు. "ఏంటి, బండిలో ఎవరూ ఉండరా? ఒరే నాయనా, నాకు చెప్పొద్దూ!"

"ఏమయ్యా, ఆ పాత చక్రాలు ఉన్నాయా, పారేశావా?" అంది ఆల్బినా.

"ఉన్నాయి. తుప్పు పట్టకుండా నూనెలో వేసి ఉంచాను."

"పద. ఇప్పుడే మార్చు."

"అక్కా, వద్దు," అన్నాడు లాడీ. "నేను జాగ్రత్తగా చూసుకుంటాగా. ఆదివారం ఒక్కటేగా నాకు..."

"ఆదివారం తినడానికి నువ్వు బతికుండాలి గదరా." ఆమె గొంతు తగ్గింది. "పోనీ నేనొస్తా. గడ్డి మొలిచేదాకా నేను తోలతా."

"వెళ్ళమ్మా, నేను గుడ్లు ఉడకేసుకు తింటా," అన్నాడు ఎమిల్. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

లాడీ అక్క ముఖం చూశాడు. "నువ్వు వస్తే మళ్ళీ ఇక్కడికి రావు. ఈ ఏడు నేను, వచ్చే ఏడు ఎర్రావు, ఏదో ఒకటి నిన్ను పట్టుకుంటుంది. నీకూ తెలుసు." తర్వాత ఎమిల్ వైపు తిరిగాడు. "జాకీ ఎక్కడుంది బావా?"

మధ్యాహ్నమంతా షెడ్డులోనే గడిచింది. ఎమిల్ కింద పడుకుని విప్పుతుంటే లాడీ బోల్టులు అందించాడు. ఆల్బినా ఒకసారి వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయింది. పని ముగిసేసరికి పొద్దు వాలుతోంది. ఆమె బాతుమాంసం గిన్నెలో కట్టి సీటు మీద పెట్టింది.

"మే నెలలో వస్తావుగా?"

"గడ్డి మొలవగానే వస్తా."

తర్వాతి ఆదివారం మేత వేస్తుంటే బండి గట్టి మంచులో ఆగకుండా, నింపాదిగా పోయింది. కంచె దగ్గర లాడీ కుంటుకుంటూ దిగి, తలుపు దాకా నడిచి వెళ్ళి, తిప్పి, మళ్ళీ ఎక్కాడు. తొందరేమీ పడలేదు. పది కాకుండానే మేత వేయడం అయిపోయింది. కోటు గుండీ ఊడదీస్తే లోపల అక్క ఇంటికి వేసుకెళ్ళే తెల్ల చొక్కా కనబడింది. పొద్దున అలవాటుగా వేసేసుకున్నట్టున్నాడు.

ఆవులు తలలు దించుకుని తింటున్నాయి. ఖాళీ ఇల్లు గుట్ట అవతల ఉంది. లాడీ ఇంకో మోపు విప్పాడు. వాటికి అంత అక్కర్లేదు. అయినా గుప్పెడు గుప్పెడుగా విసురుతూ నిలబడ్డాడు.