గోరంత చక్రం

మూడోసారి ఊదినా ఆ మరక పోలేదు. తారస్ హలుష్కా రబ్బరు బుడ్డిని వంటింటి బల్ల మీద పడేసి, కెమెరాను కిటికీ వెలుతురుకు ఎత్తి, ఎడమ కన్ను మూసి, కుడి కన్ను ఆనించి మళ్ళీ చూశాడు. వ్యూఫైండరు నడిమధ్యలో, తడి వేలు ఆనించి తీసినట్టు, బూడిదరంగు మరక. బయట మెత్తటి గుడ్డతో తుడిచాడు. లెన్సు ఊడదీసి లోపలి అద్దం మీద ఊదాడు. తిరిగి తగిలించి చూశాడు. మరక ఎక్కడిదక్కడే ఉంది.

వ్యూఫైండరు పక్కన గోరంత చక్రం ఒకటి ఉంటుంది. చూసేవాడి కంటికి తగ్గట్టు చూపును సర్దేది. సంచిలో పెట్టి తీసేటప్పుడు రాపిడికి తిరిగిపోతూ ఉంటుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ అలవాటైన చికాకే అది. తారస్ బొటనవేలి గోటితో దాన్ని ఇంకొక్క మెట్టు తిప్పాడు. టిక్కుమంది. కొంచెం మెరుగైనట్టే అనిపించింది.

"పాడు సంచి," అన్నాడు.

పోయిన నెలలోనూ సంచినే తిట్టాడు. అప్పుడది వేరే సంచి.

అరవై రెండేళ్ళ మనిషి. పొట్టి మెడ. సంచి మోసే కుడి భుజం ఎడమదానికన్నా అంగుళం కిందికి దిగి ఉంటుంది. కుడి కనుబొమ, కెమెరా ఒరుసుకునే చోట, సగం రాలిపోయింది. మామూలు రోజుల్లో బడిపిల్లల్ని నీలం తెర ముందు కూర్చోబెట్టి నవ్వమంటాడు. శని, ఆదివారాలు పేపరు కోసం హాకీ ఫొటోలు తీస్తాడు. థండర్ బేలో ముప్పై ఒక్క చలికాలాలుగా అదే పని. ఊళ్ళో సగం ఇళ్ళ మెట్ల పక్కన గోడలకు అతను తీసిన ఫొటో ఒకటైనా వేలాడుతూ ఉంటుంది. కింద పేరు ఉండదు.

ఫోన్‌లో రాత్రి వచ్చిన సందేశం అలాగే ఉంది. పేపర్లో ఆటల పేజీ చూసే బ్రిన్ పంపింది. "తారస్ గారూ, వెనక గోడ మీద టైర్ల కొట్టు ప్రకటన అద్భుతంగా వచ్చింది. ముందున్న అమ్మాయి మాత్రం పొగమంచులా ఉంది. రేపటి సెమీఫైనల్ కూడా ఇలాగే వస్తే ఆదివారం ఫైనల్‌కి వేరేవాళ్ళని పెట్టుకోవాల్సి వస్తుంది. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకండట! తారస్ దాన్ని ఎనిమిదోసారి చదివి ఫోన్ బోర్లించాడు. ఆ పిల్ల పుట్టకముందు నుంచీ అతను ఆ రింకు అద్దం వెనక నిలబడి ఉన్నాడు.

తప్పు కెమెరాది. అందులో అనుమానం లేదు. ఏ భాగానిది అన్నదే ప్రశ్న. బాడీ మార్చాలా, లెన్సు మార్చాలా? దాచుకున్నదాంతో రెంటిలో ఒకటే వస్తుంది. ఈ సాయంత్రం కెమెరా కొట్టు మూసేలోగా తేల్చుకోకపోతే రేపటి ఫైనల్‌కి చేతిలో ఉండదు. రేపటి ఫైనల్ పోతే తర్వాతి వారం ఎవరూ పిలవరు. అలా పోయినవాళ్ళని అతను చూశాడు. ఎవరూ పొమ్మనలేదు, పిలవడం మానేశారంతే.

* * *

పదిగంటల ఆట. ఐస్ రింకులో ఎప్పటి వాసనే: తడి చేతితొడుగులు, వేడి నూనె, కాస్త అమోనియా. గోల్‌కి పక్కన పెద్ద అద్దంలో కెమెరా కోసం కోసిన అరచేతంత కన్నం ఉంది. పదేళ్ళ కిందట తారస్ పోట్లాడి కోయించుకున్నది. లెన్సును అందులోకి దూర్చి, ఎడమ కన్ను మూశాడు.

గోల్ స్తంభం వంగి కనిపించింది. మధ్యలో చిన్న వంపు, ఎవరో మోకాలితో నొక్కినట్టు. తల తీసి రెండు కళ్ళతో చూశాడు. స్తంభం నిటారుగా ఉంది. మళ్ళీ కన్ను ఆనించాడు. వంగింది.

లోపలి అద్దం పక్కకు జరిగింది, అనుకున్నాడు. బాడీయే. కెమెరా కొట్టు ఆర్వోగాడి ముందు పెట్టి నిరూపిస్తాను.

"ఏం అంకుల్, ఇవాళైనా మా తొమ్మిదో నంబరు పిల్లని తీస్తారా, లేక మళ్ళీ టైర్లేనా?" వెనక బెంచీ మీదినుంచి డానా అరిచింది. తొమ్మిదో నంబరు ఆమె కూతురు. చుట్టూ ఉన్న తల్లులు కాఫీ కప్పుల్లోకి నవ్వారు.

"ఆ టైర్లు నీ కూతురికన్నా జోరుగా కదుల్తున్నాయమ్మా, ఏం చెయ్యను?" అన్నాడు తారస్ వెనక్కి తిరక్కుండానే.

అది సరదాగా అందామనుకున్న మాట. నోరు దాటేసరికి సరదా రాలిపోయి మిగతాది మాత్రమే బయటికొచ్చింది. నవ్వులు ఆగిపోయాయి.

"అదేం మాట! దాని వయసెంత, మీ వయసెంత?" అంది డానా.

"చేతిలో ఫోనుందిగా. నువ్వే తీసుకో."

ఆమె తన కప్పు పట్టుకుని అవతలి చివరి బెంచీకి వెళ్ళిపోయింది. తారస్ మెడ వెనక వేడెక్కింది. కోపం వచ్చిన ప్రతిసారీ అతనికి ఒక రకమైన ఊరట ఉండేది. కోపానికి ఒక దిక్కు ఉంటుంది. అటు తిరిగి నిలబడితే చాలు. భార్య జాయిస్ ఒక చలికాలం "ఈ ఇంట్లో చలిగా ఉంది తారస్" అని నాలుగైదు సార్లు అంది. అతను ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు తయారుచేసినవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టి, కొత్తది వేయించాడు. ఇల్లు కొలిమిలా కాగింది. ఆ మార్చిలో జాయిస్ సడ్‌బరీలోని చెల్లెలి దగ్గరికి వెళ్ళి మరి రాలేదు. కొత్త ఫర్నేసు కూడా సరైంది కాదేమోనని అతను చాలాకాలం అనుకున్నాడు.

మూడో భాగంలో తొమ్మిదో నంబరు పిల్ల ఇద్దర్ని తప్పించుకుని నేరుగా అతని వైపు దూసుకొచ్చింది. తారస్ నడిమి ఫోకస్ చుక్కని ఆమె ముఖం మీద పెట్టాడు. పెట్టాననుకున్నాడు. అక్కడ ముఖం లేదు. హెల్మెట్ ఉంది, భుజాలున్నాయి, పైకెత్తిన కర్ర ఉంది. ముఖం ఉండాల్సిన చోట ఆ మరక ఉంది. బటన్ నొక్కి పట్టాడు. కెమెరా గడగడమంది. గోల్ అయింది. పిల్లలందరూ ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. తారస్ వెనక తెర మీద బొమ్మలు తిప్పి చూశాడు. పద్దెనిమిది ఫొటోలు. పద్దెనిమిదింటిలోనూ టైర్ల కొట్టు ఫోన్ నంబరు అంకెలతో సహా చదువుకోవచ్చు.

* * *

ఆర్వో సారెలా కెమెరా కొట్టులో శనివారం మధ్యాహ్నాలు ఇద్దరూ వాదించుకోవడం పాతికేళ్ళ అలవాటు. వాదన ఎప్పుడూ ఒకటే. ఓడినవాడు వచ్చేవారం పర్షియన్లు తేవాలి, గులాబిరంగు పూత పూసిన బన్నులు. ఇవాళ అవి తెచ్చే వంతు తారస్‌ది. మర్చిపోయి వచ్చాడు.

"వట్టి చేతులతో వచ్చావంటే ఈసారి గెలుస్తాననే ధైర్యం కాబోలు," అన్నాడు ఆర్వో. సన్నగా, పొడుగ్గా, ముక్కు చివర కళ్ళజోడుతో, గల్లా వెనక స్టూలు మీద కొంగలా కూర్చుని ఉన్నాడు.

"బాడీ తియ్యి. ఆ పై అరలో ఉన్నది. ఇంక మాటల్లేవు."

"లెన్సురా. వెయ్యిసార్లు చెప్పాను. బాడీ నాలుగేళ్ళలో పాతబడుతుంది. మంచి లెన్సు నిన్నూ నన్నూ పాతిపెట్టాక కూడా పనిచేస్తుంది. ఆ గుడ్డి వెలుతుర్లో నీ లెన్సు తడుముకుంటోంది, అంతే."

"తడుముకుంటోంది నీ బుర్ర. లోపలి అద్దం వంగిపోయింది. గోల్ స్తంభం వంకరగా కనిపిస్తోంది."

ఆర్వో కెమెరాలోంచి మెమరీ కార్డు తీసుకుని కొట్టులోని పెద్ద తెర మీద ఫొటోలు పెట్టాడు. ఒకటి, రెండు, ఐదు. కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"స్తంభం నిటారుగానే ఉందిగా."

"ఫొటోలో కాదురా! వ్యూఫైండర్లో."

"ఫొటోలో నిటారుగా ఉండి, వ్యూఫైండర్లో వంకరా?"

"అందుకే కదా బాడీ అంటున్నాను! చెవుడా నీకు? ముప్పై ఏళ్ళుగా సామాన్లు అమ్ముతున్నావు, ఒక్కనాడైనా చేత్తో పట్టుకుని చలిలో నిలబడ్డావా?"

ఆర్వో కెమెరా అందుకున్నాడు. వీధి తలుపు వైపు గురిపెట్టి కన్ను ఆనించి, వెంటనే తల వెనక్కి తీశాడు. "అబ్బ! నీళ్ళలోంచి చూసినట్టుంది." చక్రం మీద బొటనవేలు పెట్టి వెనక్కి తిప్పసాగాడు. టిక్. టిక్. టిక్.

"దాన్ని ముట్టుకోకు!" తారస్ గల్లా మీద చరిచాడు. లెన్సు మూతలున్న డబ్బా ఎగిరి పడింది.

టిక్కులు ఆగలేదు. తారస్ వద్దనుకుంటూనే లెక్కపెట్టాడు. పదకొండు. ఆర్వో మళ్ళీ చూశాడు, చాలాసేపు చూశాడు. కెమెరా దించినప్పుడు అతని ముఖంలో వాదన లేదు.

"బాగుంది," అన్నాడు. "తలుపు నిటారుగా ఉంది. మరకా లేదు."

"అబద్ధం."

"తారస్, చక్రం ఆ చివరిదాకా పోయింది. ఇంక తిప్పడానికి లేదు."

"సంచి రాపిడి."

"రాపిడికి అటూ ఇటూ పోతుందిరా. ఎప్పుడూ ఒకవైపే పోదు." ఆర్వో కెమెరాను పక్కన పెట్టాడు. "ఒక పని చెయ్యి. కెమెరా వద్దు. ఎడమ కన్ను మూసి, ఊరికే ఆ తలుపు చూడు."

"నన్ను బడిపిల్లాణ్ణి చేస్తున్నావా?"

"చూడరా."

తారస్ చూశాడు. ఎడమ కంటి మీద అరచెయ్యి పెట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా, ఉత్త కుడి కంటితో. తలుపు చట్రం మధ్యలో లోపలికి వంగింది. తలుపు మీద తెరిచే వేళలు రాసిన అట్ట ఉండాలి. దాని అంచులున్నాయి. మధ్యలో బూడిదరంగు మరక.

చెయ్యి తీశాడు. తలుపు నిటారుగా నిలబడింది.

కెమెరా పట్టుకున్నప్పుడు తప్ప అతను ఎప్పుడూ ఒంటి కన్నుతో చూడలేదు. మిగతా లోకాన్నంతా ఎడమ కన్ను నోరు మెదపకుండా నడిపించుకొస్తోంది.

"నీ తలుపే వంకర," అన్నాడు తారస్.

ఆర్వో ఎగిరిపడిన మూతల డబ్బాని నిలబెట్టాడు. అతను బదులిచ్చి ఉంటే బాగుండును. కోపం లోపల లేచి, ఎప్పటిలాగే ఒక దిక్కు వెతికింది. సంచి, బ్రిన్, డానా, ఆ గుడ్డి దీపాలు, ఈ కొంగ ముఖంవాడు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఎవరి మీదా నిలవలేక, తిరిగి తిరిగి అతని దగ్గరికే వచ్చింది. పొద్దున తొమ్మిదో నంబరు పిల్లని ఏమన్నాడో గుర్తొచ్చింది.

"సోమవారం కంటి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను," అన్నాడు ఆర్వో మెల్లగా. "రేపటికి ఎడమ కన్నుతో తీసి చూడు. కొందరు అలాగే తీస్తారు."

"అరవై రెండేళ్ళొచ్చాక ఎడమ చేత్తో సంతకం నేర్చుకోమంటావు."

"నేర్చుకుంటే ఏం పోయింది?"

"నోర్ముయ్, ఆర్వో."

గోడ గడియారం నాలుగు దాటింది. పై అరలో కొత్త బాడీ, కింది అరలో ఆర్వో పొగిడే లెన్సు, రెండూ నల్లగా మెరుస్తున్నాయి. తారస్ రెంటినీ ఒకసారి చూశాడు. కోటు గుండీలు కింది నుంచి పైదాకా, ఒక్కటీ వదలకుండా పెట్టుకున్నాడు.

"బాడీ బాగుంది," అన్నాడు. "లెన్సూ బాగుంది."

"కూర్చోరా. కాఫీ పెడతాను."

"రేపటికి ఎవరినైనా చూసుకోమని బ్రిన్‌కి చెప్పు. నా నోటితో నేను చెప్పను." తలుపు దాకా వెళ్ళి, చట్రం మీద చెయ్యి వేసి, మధ్యలో వంపు ఉండాల్సిన చోట ఒకసారి తడిమాడు. "పర్షియన్లు నేనే బాకీ."

తలుపు గంట మోగింది. చలి ఒక గుక్కెడు లోపలికొచ్చి ఆగింది. మంచులో అతని బూట్ల చప్పుడు మలుపుదాకా వినిపించింది.

ఆర్వో అతన్ని వెనక్కి పిలవలేదు. తారస్ గల్లా మీదే వదిలి వెళ్ళిన కెమెరాను తిరిగి దగ్గరికి తీసుకున్నాడు. కొట్టుకు అమ్మకానికి వచ్చిన పాత కెమెరాలకు దుమ్ము తుడిచి, ధర చీటీ కట్టడం అతని పద్ధతి. దీనికి చీటీ కట్టలేదు. చక్రం మీద బొటనవేలు పెట్టి, ఒక్కొక్క మెట్టే, పదకొండు మెట్లు, తారస్ తెచ్చినప్పుడు అది ఎక్కడుందో అక్కడిదాకా తిప్పాడు. తర్వాత దాన్ని గల్లా వెనక అరలో, తన కాఫీ కప్పు పక్కన పెట్టాడు. కుడివైపు అరిగిన, కన్ను ఆనించే రబ్బరు, దాని పక్కన, ఇంక తిరగడానికి చోటులేని గోరంత చక్రం.