చివరి బ్యాకప్ తారీకు

అల్వర్‌స్టన్ ఊళ్ళో లైబ్రరీ వెనక గదిలో ప్రతినెలా రెండో మంగళవారం పొద్దున్న పెద్దవాళ్ళ కంప్యూటర్ క్లబ్బు కూడుతుంది. అక్కడ హాజరు పిలిస్తే "ఉన్నాను" అంటే చెల్లదు. కంప్యూటరుకి చివరిసారి ఎప్పుడు బ్యాకప్ తీశారో ఆ తారీకు చెప్పాలి. తారీకు పాతబడిందా, ఆ పూటంతా ఎగతాళి తప్పదు. ఈ ఆచారం పెట్టిన మహానుభావుడు మెర్విన్ టోల్హర్స్ట్. తన పేరు రాగానే "గడిచిన ఆదివారం" అని ఠపీమని చెప్పి కూర్చునేవాడు.

అది పచ్చి అబద్ధం. ఏడాదిన్నరగా ఆడుతున్న అబద్ధం.

అతను పుట్టు అబద్ధాలకోరేం కాదు పాపం. కొత్త కంప్యూటరు కొన్నాక పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దాని మీద పనిచెయ్యలేదు. డిస్కు మొత్తాన్ని అచ్చు గుద్దినట్టు ఒకే ఫైలుగా తీసిపెట్టేది ఇంకొకటి కావాలి. ముప్పై ఏళ్ళు కరెంటు మీటర్లు పరీక్షించిన మనిషి, దేన్నీ ఊరికే ఒప్పుకోడు. అయిదు సాఫ్ట్‌వేర్లు తెచ్చి పట్టిక గీశాడు, ఏది కొనాలో తేల్చి చెప్తానని క్లబ్బులోనూ మాటిచ్చాడు. ఒకటి వేగంగా తీస్తుంది, కానీ ఫైలు బండంత. ఒకటి ఫైలు చిన్నదే, కానీ కంప్యూటరు చచ్చిపోతే పెన్‌డ్రైవ్ నుంచి లేపడం రాదు. సంబంధాలు చూసి చూసి పిల్ల పెళ్ళీడు దాటించినట్టు, ప్రతిదానికీ ఓ వంక పెట్టాడు. బ్యాకప్ కోసం కొన్న డిస్కు ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. మొదటి నెల నోటికి అలవాటైన మాట జారింది. వచ్చే ఆదివారానికి నిజం చేసేద్దాంలే అనుకున్నాడు. ఆ ఆదివారం రానేలేదు.

ఆ కంప్యూటర్లోనే అతని భార్య నోయెలీన్ తొమ్మిదేళ్ళ కష్టం ఉంది. ఊళ్ళో మూతబడిన బఠానీల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ కథలు వాళ్ళ గొంతుల్లోనే రికార్డు చేసింది. నలభై ఒక్కమంది. అందులో పందొమ్మిదిమంది ఇప్పుడు లేరు. రికార్డరులో చోటు చాలక ఎప్పటికప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించి, రికార్డరు తుడిచేసేది.

"నావన్నీ భద్రమేనా మెర్వ్?" అని ఒకసారి అడిగింది.

"బ్యాంకులో పెట్టినట్టే" అన్నాడు.

ఆగస్టు మొదటి వారంలో కంప్యూటర్లోని డిస్కు టిక్కుటిక్కుమంది. మర్నాటికి అదీ మానేసింది. లాన్సెస్టన్ పట్నంలో బాగుచేసేవాడు విప్పి చూసి, లోపల గుండ్రంగా తిరిగే పళ్ళెం గీసుకుపోయింది, ఏమీ మిగల్లేదన్నాడు. మెర్విన్ ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"పోతే పోయింది, అంత మొహం వేలాడేసుకుంటావేం? బ్యాకప్‌లోంచి తీసుకో" అంది నోయెలీన్, బంగాళాదుంపల చెక్కు తీస్తూ.

"లేదు."

"ఏది లేదు?"

"బ్యాకప్. నేను తియ్యలేదు నోయెల్. ఏది మంచిదో తేల్చుకుందామని…"

ఆమె కత్తి కింద పెట్టింది. అరిస్తే బాగుండుననిపించింది అతనికి. అరవలేదు. చేతులు తుడుచుకుని అంది: "చనిపోయిన ఇవొన్ రికార్డింగు ఒక్కటి మిగిలుంటుంది. మీ క్లబ్బులో ఉందే, వాళ్ళక్క గ్లెండా, అడిగితే కాపీ ఇచ్చాను. ఇంకెవరూ అడగలేదు. మంగళవారం నేనూ వస్తాను."

మంగళవారం నోయెలీన్ కూడా వచ్చింది. క్లబ్బులో ఎప్పటిలాగే టీలు, లామింగ్టన్ కేకులు, ఇకఇకలు. సెక్రటరీ లిండ్సే పుస్తకం తెరిచి పేర్లు పిలుస్తున్నాడు. మెర్విన్ తన వంతుకి ఇంకా ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టుకుంటున్నాడు.

"గ్లెండా రస్క్."

"జూలై ఇరవై" అంది గ్లెండా. ఎనభై నాలుగేళ్ళ మనిషి, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. ఆ తారీకు విని నోయెలీన్ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. వారం రోజుల్లో ఆమె ముఖం తేటపడడం అదే మొదలు.

"మెర్విన్ టోల్హర్స్ట్. నీది అడగడం దేనికిలేవయ్యా, గడిచిన ఆదివారం అని రాసేస్తున్నా" అన్నాడు లిండ్సే.

"రాయకు" అంటూ మెర్విన్ లేచాడు. "ఏడాదిన్నరగా నేను ఒక్కటీ తియ్యలేదు. మీకు చెప్పినవన్నీ అబద్ధాలు. డిస్కు పోయింది. నోయెలీన్ రికార్డింగులన్నీ పోయాయి."

ఎవరూ నవ్వలేదు. ఇంతకాలం వాళ్ళని ఎంతెంత మాటలన్నాడో ఒక్కొక్కటే గుర్తొచ్చి, అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నోయెలీన్ గ్లెండా వైపు తిరిగింది. "ఇవొన్ రికార్డింగు నీ దగ్గరుంది కదా గ్లెండా. అదొక్కటైనా నాకియ్యి."

గ్లెండా కర్ర తలకాయని రెండు చేతులతో పట్టుకుంది.

"లేదమ్మా. నా కంప్యూటరు మే నెల్లోనే చచ్చిపోయింది."

"ఇప్పుడేగా జూలై ఇరవై అన్నావు?" అన్నాడు లిండ్సే.

"అన్నాను. జూన్‌లోనూ ఏదో తారీకు అన్నాను. అసలు బ్యాకప్ ఎలా తీస్తారో నాకు రాదు. ఏది కొనాలో మెర్వ్ తేల్చి చెప్తాడుగా, అప్పుడు నేర్చుకుందాం అనుకున్నా. ఈలోగా ఇది పోయింది. నా చెల్లి గొంతు అందులోనే కదా ఉంది. నోయెలీన్‌ని ఇంకో కాపీ అడుగుదామని మూడుసార్లు ఫోను తీశాను. అడిగితే నా బండారం బయటపడుతుంది. ఈ వయసులో అందరిలో నవ్వులపాలవడం ఎందుకని పెట్టేశాను." మెర్విన్ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. "ప్రతినెలా నువ్వలా టకీమని చెప్తుంటే, నేనొక్కదాన్నే చేతగానిదాన్ని అనుకున్నా నాయనా. పోనీలే, మెర్వ్ ఇంట్లో ఉన్నది ఎక్కడికీ పోదులే అని ధైర్యంగా ఉన్నా."

మే నెలలో అతని డిస్కు నిక్షేపంలా ఉంది. జూన్‌లోనూ, జూలైలోనూ ఉంది.

"అడిగితే రెండు నిమిషాల్లో ఇచ్చేదాన్ని కదే పిచ్చిదానా" అంది నోయెలీన్. లేచి, తన కుర్చీని మెర్విన్ పక్కనుంచి లాక్కుపోయి గ్లెండా పక్కన వేసుకుని, ఆమె చెయ్యి పట్టుకుంది. "చెప్పు. ఇవొన్ ఏం చెప్పిందో నీకెంత గుర్తుంటే అంత చెప్పు. రాసుకుంటాను."

"మాటలు గుర్తున్నాయమ్మా" అంది గ్లెండా. "గొంతే గుర్తుకి రావట్లేదు."

లిండ్సే తర్వాతి పేరు పిలవలేదు. మెర్విన్ ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.