నేను కాలు తియ్యలేదు

ఆ ఏడాదంతా మా పందెం కారుకి సరిగ్గా సగం దారిలో ఊపిరి ఆగిపోయేది. పచ్చదీపం వెలగగానే ముందు చక్రాలు గాల్లోకి లేపి మరీ దూకేది. పందెం దూరం పావుమైలే, అందులో సగం దాటేసరికి ఇంజను ఖళ్లుఖళ్లున దగ్గి చల్లబడేది, పక్క లైనువాడు నన్ను దాటి వెళ్లిపోయేవాడు. పెట్రోలు అందడం లేదని నేను మొత్తుకున్నాను. మా అన్నయ్య మెర్ల్ మాత్రం తప్పంతా నా కుడికాలిదే అన్నాడు.

అంతకు ముందటేడు ఇదే కారుతో గోడను గుద్ది పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాను. అప్పట్నుంచి సగం దారిలో నాకు తెలియకుండానే భయపడి యాక్సిలరేటరు వదిలేస్తున్నానని అన్నయ్య సిద్ధాంతం. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయేది. భయపడితే భయపడ్డానని చెప్పేదాన్నే గాని దాచుకునే రకాన్ని కాదు.

అన్నయ్య చూడకుండా వదిలేశాడని కూడా అనలేను. పంపు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, గొట్టాలన్నీ కొత్తవి వేశాడు, కార్బురేటర్లు విప్పి కడిగాడు. మాది పందొమ్మిదివందల నలభై ఒకటి మోడలు కూపే, రెండు తలుపుల పాతకాలం బండి. దాని పెట్రోలు ట్యాంకు ముక్కు దగ్గర బయటికే ఉంటుంది, చిన్న పుచ్చకాయంత. పెట్రోలు చాలడం లేదేమోనని దాన్ని మూతిదాకా నింపేవాడు. పరుగయ్యాక కారు వెనక్కి రాగానే మూత తీసి లోపలికి చూసేవాడు, తర్వాత గొట్టం ఊడదీసి డబ్బాలో పెట్టి పంపు వేసేవాడు. పెట్రోలు ధార కట్టి పడేది. ఇక నా కాలు తప్ప అనుమానించడానికి ఏం మిగిలింది?

కాన్సస్‌లో ఆ సీజను ఆఖరి పందెం. శనివారం పొద్దున ట్రయల్లో మళ్లీ అదే కథ. అన్నయ్య చేతులు తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా, రేపు పందేనికి డ్వేన్ కూర్చుంటాడని చెప్పేశాడు. డ్వేన్ అంటే పక్క షెడ్డు కుర్రాడు. ఆ సీటు మీద వాడికి ఎప్పట్నుంచో కన్ను.

"అన్నయ్యా, నేను కాలు తియ్యలేదు."

"ఆఁ?"

"కాలు తియ్యలేదు అంటున్నా!"

"అరవకే. నాకేం చెవుడా?"

చెవుడే. ఆ మాటకొస్తే మా షెడ్ల వరసలో మగాళ్లందరికీ చెవుడే, జన్మంతా సైలెన్సరు లేని ఇంజన్ల పక్కన నిలబడితే ఇంకేమవుతుంది? కూతురు కొనిచ్చిన చెవి మిషను మా అన్నయ్య పనిముట్ల పెట్టెలో పాత ప్లగ్గుల మధ్య దొర్లుతూ ఉంటుంది. ముసలాళ్లు పెట్టుకునేదట అది.

సాయంత్రం ఇంకొక్క ట్రయలు ఇమ్మని బతిమాలి ఒప్పించాను. అందాకా ట్రైలరు మెట్టు మీద కూర్చుని హామ్ శాండ్‌విచ్ నములుతూ ఆలోచించాను. కోపం కాస్త దిగాక ఒక వింత తోచింది. దారిలో చచ్చిన కారు షెడ్డుకొచ్చి పరీక్ష పెట్టగానే ఆరోగ్యంగా ఎలా ఉంటోంది? ఈ మధ్యలో దానికి మందేసిందెవరు? ఎంత వెతికినా మధ్యలో జరిగేది ఒక్కటే. అన్నయ్య ట్యాంకు మూత తీస్తాడు. ఆ సమయానికి నేనెప్పుడూ హెల్మెట్లోనే, చెవుల్లో బిరడాలతోనే ఉంటాను.

సాయంత్రం కారు మళ్లీ సగంలో చల్లబడింది. తాడు కట్టి లాక్కొస్తుంటే దారిలోనే హెల్మెట్ తీసేశాను, బిరడాలు పీకేశాను. షెడ్డు దగ్గర ఆగీ ఆగగానే దిగి అన్నయ్య పక్కన నిలబడ్డాను. అన్నయ్య మూత తిప్పాడు.

సుస్స్‌మంది.

పీచ్ పళ్లు ఉడికించి గాలి చొరకుండా సీసాల్లో పట్టి, చలికాలంలో మూత తీస్తే వస్తుందే, అచ్చం ఆ చప్పుడు. పెట్రోలు బయటికి పోతుంటే దాని చోటికి గాలి వెళ్లే దారి లేదన్నమాట. ట్యాంకు లోలోపలే బిగదీసుకుపోయి పంపుకి చుక్క వదలడం లేదు. అన్నయ్య మూత తియ్యగానే గాలి పీల్చుకుని ఏమీ ఎరగనట్టు నిలబడుతోంది.

"విన్నావా?"

"ఏంటి వినేది?"

మూత లాక్కున్నాను. పాత మూతే అది. నేను మళ్లీ కారెక్కుతున్నానని అన్నయ్య వసంతంలో దానికి క్రోమ్ పూత వేయించి, అద్దంలా మెరిపించి, నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నాకు కళ్లనీళ్లు తిరిగాయి కూడా. గాలి వెళ్లడానికి మధ్యలో ఉండే సూదిబెజ్జం దగ్గర నోరు పెట్టి ఊదాను. బుగ్గలు పొంగాయి గాని గాలి ఒక్క పిసరు దాటలేదు. మూత అన్నయ్యకి ఇచ్చాను. ఎండకెత్తి చూశాడు. బెజ్జం పూతలో పూడుకుపోయింది.

వెంటనే వెళ్లి, సన్న డ్రిల్లుతో బెజ్జం పొడిచి, తనే ఊది చూసి బిగించాడు. డ్వేన్ పేరు మళ్లీ ఎత్తలేదు.

ఆదివారం కారు చివరిదాకా ఒకే గొంతుతో అరుచుకుంటూ వెళ్లింది. గీత దాటాక హెల్మెట్లోనే ఏడ్చేశాను. గెలిచామో ఓడామో కూడా చూసుకోలేదు.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి అన్నయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. చెవిలో మిషను. ట్యాంకు మీదకు వంగి, మెల్లగా మూత తిప్పి, చెవి ఆనించాడు.

"ఏమీ లేదు," అన్నాడు. తల ఎత్తలేదు. "అయితే నువ్వు కాలు తియ్యలేదు. ఒక్కసారి కూడా?"

ఏడాది పొడుగునా ఆ జవాబు అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నాను. ఇప్పుడు అరిచే ఓపిక లేదు.

"లేదన్నయ్యా," అన్నాను, నాకే సరిగ్గా వినపడనంత నెమ్మదిగా.

"ఊఁ," అన్నాడు. "వినపడింది."