ఇద్దత్ ముగిసేదాకా

కరెంటు పోయిన ప్రతిసారీ ఆస్పత్రికి ఫోన్ చేయొద్దని మామయ్య, చేసి తీరాలని అత్తమ్మ. పొద్దుటి నుంచీ ఇదే రభస.

“ఆస్పత్రిలో ఆ పిండాలున్నది ఫ్రిజ్‌లో కాదమ్మీ, గడ్డకట్టించే నైట్రోజన్‌లో. కరెంటుతో పనే లేదు,” అన్నాడు ఎలక్ట్రీషియన్ మరిది.

“వంటింట్లో బల్బు మార్చడానికి నెల తీసుకున్నావు. నువ్వా నాకు చెప్పేది?”

కుట్టుమిషను దగ్గర కోడలు తలెత్తలేదు. టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో తయారైన ఆ రెండు పిండాలూ తనవీ, తన భర్తవీ. పెళ్ళిజాకెట్ల ఆర్డరు తెమిలాక కడుపులో పెట్టించుకుందామని వాయిదా వేసింది తనే. జాకెట్లు ఇంకా మిషను మీద ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. ఇప్పుడామె ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఇల్లాలు ఇంటిపట్టున గడపాల్సిన ఆ గడువు ఇంకా సగం మిగిలే ఉంది.

అత్తమ్మ ఆశంతా ఆ సగం మీదే. “ఇద్దత్ అయ్యేదాకా నువ్వు వాడి భార్యవే. చివరి స్నానం నీ చేతులతోనే చేయించావు కదా. పరాయిదానివైతే ఒప్పుకునేవాళ్ళా?”

సాయంత్రం ఇమాం సాహెబు వచ్చినప్పుడు, ఇద్దత్‌లో ఉండగా ఆ పిండాలను కడుపులో పెట్టించుకోవచ్చా అని తెర ఇవతల నిలబడి కోడలు అడిగింది.

“ఆయన బతికుంటే ఏ అడ్డూ లేదు తల్లీ. ఆ పిండాలు మీ ఇద్దరివే, మూడో మనిషివి కావు,” అన్నాడాయన. “చావుతో నికా తెగిపోయింది. స్నానానికి అనుమతి ఉంది. కొత్తగా గర్భం మోయడానికి లేదు. ఇద్దత్ లోపల కావచ్చన్నవాళ్ళు ఎక్కడో ఒకరిద్దరున్నారు. వాళ్ళను నమ్ముకుని నేను సరేననలేను.”

పోసిన టీ ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

“ఆ ఒకరిద్దరూ ఏ ఊళ్ళో ఉన్నారో కనుక్కోరా,” అంది అత్తమ్మ. మరిది ముట్టని టీ కప్పు తీసుకుని వంటింట్లోకి నడిచాడు.

రాత్రి అందరూ అన్నాలకు కూర్చున్నాక కరెంటు పోయింది. ఎవరూ లేవలేదు. చీకట్లోనే కోడలు నోరు విప్పింది.

“ఆ పిండాలను వదిలేయమని ఆస్పత్రికి చెబుతాను. అవునో కాదో తేలని మాట పుట్టబోయే బిడ్డ నెత్తిన పెట్టలేను.”

అత్తమ్మ ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

“సంతకానికి నేనే వెళ్ళాలట. ఇద్దత్ ముగిశాక వెళతాను, అత్తమ్మా. అప్పటిదాకా కరెంటు పోతే ఫోన్ చేసుకోండి.”