ఫోనులో అమ్మాయమ్మ

మా మామగారి తమ్ముడు, చిన్నమామ దామోదరం పాతికేళ్లు నడిపిన కిరాణా కొట్టు మూసేసి మ్యూజియం తెరిచాడు. ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. మరిదికి వైరాగ్యం కలిగి ఏ కొండకో పోతాడని భయపడుతూ ఉండిన మా అత్త అమ్మాయమ్మ మాత్రం, "పోనీలే, కూటికి ఇంటికొస్తాడు గదా" అని సర్దుకుంది.

పుదుచ్చేరిలో మా తెలుగు వర్తకుల సంఘానికి బజారులో ఒక పాత మేడ ఉంది. దాని ముందు హాలు ఖాళీగా ఉంటే చిన్నమామ బతిమాలి తీసుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగి అటకల మీదివన్నీ దింపించాడు. తక్కెడలు, బియ్యం కొలిచే పడులు, సిరాబుడ్లు, ఫ్రెంచివాళ్ల కాలపు కొట్టు బోర్డులు, తాళంచెవి పోయిన ఇనప్పెట్టె. ఆయన దాన్ని చరిత్ర అన్నాడు. బజారు దాన్ని దామోదరం గోడౌను అంది.

నేను బి.ఏ. చరిత్ర చదివాను. పెళ్లయిన పదకొండేళ్లకు ఆ చదువుకు దొరికిన మొదటి ఉద్యోగం ఆ గోడౌనులో చీటీలు రాయడం. తెలుగువాళ్ల మ్యూజియం కాబట్టి తెలుగులోనే రాయాలని చిన్నమామ పట్టుబట్టాడు. మా వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ బళ్లో చదివింది తమిళం. నా చీటీల ముందు నిలబడి, "గుండ్రంగా బాగా వేసినావే అమ్మణ్ణీ" అని ముగ్గును మెచ్చుకున్నట్టు మెచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు. తర్వాత కింద తమిళంలోనూ రాశాను. అప్పుడు చదివి వెళ్లిపోయారు. ఎలా చూసినా మూడు నిమిషాలు. అంతకంటే ఎక్కువసేపు ఉన్నవాళ్లు ఫ్యాను కింద నిలబడినవాళ్లు.

ఎనభై మూడులో సంఘం ప్రెసిడెంటు లోకనాథన్ వచ్చి తేల్చేశాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, తండ్రిలాగే న్యాయస్థుడని పేరు.

"దామోదరం, దురైసామి ఈ హాలు అడగతా ఉండాడు. ఎవర్‌సిల్వర్ పాత్రల కొట్టు పెడతాడంట. ఒక నెల చూస్తా. జనం వస్తే సరి. రాకపోతే ఎవురి సామాన్లు వాళ్లకి పంపించేయ్."

చిన్నమామ ఆ పూట అన్నంలో మజ్జిగ పోసుకుని, కలపడం మరిచిపోయి చూస్తూ కూర్చున్నాడు. తిరిగి ఇళ్లకు పంపితే ఆ ఇత్తడి ఏమవుతుందో ఆయనకు తెలుసు. పాత ఇత్తడికి కొత్త ఎవర్‌సిల్వర్ స్టీలు మార్పిడి చేసేది కూడా దురైసామే.

అప్పుడు మా ఆయన శంకరన్ కల్పించుకున్నాడు. ఆయనకు తట్టాంచావడిలో చిన్న షెడ్డు ఉంది, స్టెబిలైజర్లు తయారుచేస్తాడు. ఏదో ఆఫీసులో పారేసిన నల్ల టెలిఫోను ఒకటి పట్టుకొచ్చి మా ఇంటి క్యాసెట్ రికార్డరుకు తగిలించాడు.

"చీటీలు ఎవురు చదవతారే? ఫోను ఎత్తితే మాట వినపడాల. ఒక చెక్కకి నాలుగు బటన్లు పెడతా. బటన్ నొక్కితే ఆ సామాను మీద బల్బు వెలగాల, ఫోనులో దాని కథ రావాల."

కథ చెప్పగలిగింది మా అత్త ఒక్కతే. ఆ సామాన్లలో సగం ఆమె కళ్లముందు వాడినవి, మిగతా సగం ఆమె దగ్గర అరువు పోయినవి. రిసీవరు చేతికిచ్చి రికార్డింగు బటన్ నొక్కాం. ఆమె దాన్ని చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నది.

"ఏంది, ఎవురూ లేరే?"

"ఎవరూ ఉండరత్తా. మీరు మాట్లాడండి, తర్వాత వాళ్లు వింటారు."

"ఎవురూ లేని ఫోనులో మాట్లాడేదానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? అవతల ఎవురో తెల్దు, తిన్నారో లేదో తెల్దు, నా పాటికి నేను పడి గురించి చెప్పేదా?"

గంట బతిమాలితే చివరికి ఒప్పుకుంది, తన పద్ధతిలో. "ఎవురది?" అని అడిగి ఆగింది. "నేనే అంటే ఎవురు, పేరు లేదా?" అని ఆగింది. "సరి సరి. తిన్నావా?" అని ఆగింది. ఎవరూ ఏమీ అనకపోయినా తృప్తిగా తలూపి, అప్పుడు కథ మొదలుపెట్టింది.

మా ఆయన తల పట్టుకున్నాడు, టేపు నిండా ఖాళీలేనని. నాకు మాత్రం ఆ ఖాళీలే నచ్చాయి. ఎవరైనా మొదట అనేది "నేనే" అనే కదా. ఆ సంగతి మా అత్తకు తెలుసు, యంత్రానికి తెలియదు.

ఒక్కొక్కరు ఒక్కోలా జవాబు చెబుతారు, కొందరు పొట్టిగా, కొందరు వంశవృక్షంతో సహా. అంతసేపూ టేపు ఆగాలి. అందుకని ఫోను వెనక ఒక పచ్చ తెర కట్టి, తెర వెనక ఒక స్టూలు వేసి, స్టూలు మీద నన్ను కూర్చోబెట్టారు. బయట బటన్ నొక్కితే నా దగ్గర కూడా ఒక బల్బు వెలుగుతుంది. ఆ నంబరు క్యాసెట్ పెట్టాలి, అత్త ప్రశ్న అడగ్గానే పాజ్ నొక్కాలి, జవాబు అయ్యాక వదలాలి. మా ఆయన దీనికి సెమీ ఆటోమేటిక్ అని పేరు పెట్టాడు. సెమీ అంటే నేను.

మొదట వచ్చింది జవుళి కొట్టు బాలకృష్ణన్ భార్య ప్రేమ. ఫోను ఎత్తి, "ఎవురది?" వినగానే కొంగు సర్దుకుంది కాబోలు, గాజులు గలగలమన్నాయి.

"నేనే అత్తా."

"నేనే అంటే ఎవురు, పేరు లేదా?"

"ప్రేమనత్తా, జవుళి కొట్టు ప్రేమ."

"సరి సరి. తిన్నావా?"

"తిన్నానత్తా. ఇడ్లీ. మీరు?"

పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఫోను పెట్టేసే ధైర్యం మా బజారులో ఎవరికీ లేదు. ప్రేమ తక్కెడ కథ మొత్తం ఊకొడుతూ విన్నది. చివర్లో, "మా ఇంట్లో కూడా ఇట్లాంటిది ఉండాదత్తా, తెస్తా" అని మాట ఇచ్చి, మర్నాడు తెచ్చింది కూడా. నలుగురి నుంచి నలభైమందికి తెలిసింది. మా అత్త ఇంట్లోనే కూర్చుని పప్పు ఏరుతోందని అందరికీ తెలుసు. అయినా వరసలో నిలబడి, ఫోనులో ఆమెకు జవాబు చెప్పి వెళ్లేవాళ్లు. కోడలి మీద ఫిర్యాదులు చెప్పినవాళ్లూ ఉన్నారు. నేను పాజ్ మీద వేలుపెట్టి అన్నీ విన్నాను. ఇప్పుడు ఆ బజారు చరిత్ర నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మూడో నంబరు క్యాసెట్టుతోనే చిక్కు. అది లోకనాథన్ గారింటి నుంచి వచ్చిన ఇత్తడి పడి, బియ్యం కొలిచేది. దాని కథ చెప్పడానికి అత్త ఒక షరతు పెట్టింది. టేపులోనే అడిగింది, "ఆ ఇంటోళ్లు కాదు గదా మీరు? ఆ ఇంటోళ్లయితే పెట్టేయండి" అని. వాళ్లెవరైనా వస్తే అక్కడే ఆపేస్తానని నా చేత కూడా మాట తీసుకుంది. లోకనాథన్ భార్య ఒకరోజు వచ్చి, "ఆ ఇల్లేనమ్మా" అని నిజం చెప్పింది. ఆపేశాను. ఆమె కాసేపు నిలబడి, పాపం, వెళ్లిపోయింది.

నెలాఖరున లోకనాథన్ వచ్చాడు, దురైసామిని వెంటబెట్టుకుని. దురైసామి వస్తూనే కొలత టేపు లాగి గోడలు కొలవడం మొదలుపెట్టాడు. నా తెర నేలకు జానెడు పైకి ఉంటుంది. అందుకని నాకు మనుషులు పాదాల వరకే తెలుస్తారు. దురైసామి నల్ల బూట్లు, లోకనాథన్ తోలు చెప్పులు, ఆ పక్కన చిన్నమామ ఉత్త కాళ్లు.

"జనం వస్తా ఉండారు, లేదనలా," అన్నాడు లోకనాథన్. "అయితే ఫోను ఆట కోసరం వస్తా ఉండారు. దీంట్లో చరిత్ర యాడుండాది దామోదరం?"

"ఒక్కసారి ఎత్తి చూడన్నా," అన్నాడు చిన్నమామ. ఆ గొంతు నేను వినలేకపోయాను.

"చూసే పోతాలే. ఏ నంబరు నొక్కాల?"

"నీ ఇష్టం."

నా ముందు మూడో బల్బు వెలిగింది.

క్యాసెట్ మార్చాను. "ఎవురది?" అన్నది అత్త.

"నేనే."

"నేనే అంటే ఎవురు, పేరు లేదా?"

"లోకనాథన్‌ని అక్కా." గొంతు తగ్గింది. పక్కింట్లో పెరిగినవాడు, చిన్నప్పటినుంచీ ఆమెను అక్కా అనే పిలుస్తాడు.

"సరి సరి. తిన్నావా?"

"తిన్నా."

"పడి చూస్తా ఉండావా? ఆ ఇంటోళ్లు కాదు గదా మీరు? ఆ ఇంటోళ్లయితే పెట్టేయండి."

పాజ్ నొక్కాను. దురైసామి కొలత టేపు కూడా చప్పుడు లేకుండా ఆగింది. లోకనాథన్‌కి భార్య ఇంటికెళ్లి చెప్పే ఉంటుంది, ఆ ఫోనులో మన ఇంటి సంగతేదో దాస్తున్నారని.

"కాదు," అన్నాడు లోకనాథన్.

దురైసామి ఎదుట, ఆ ఇంటి పేరు చెక్కిన పడి ఎదుట నిలబడి చెప్పాడు. నేను అత్తకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. చిన్నమామ కాళ్లు కనబడ్డాయి, వేళ్లు నేలను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ప్రెసిడెంటు అంతటివాడు కాదంటే నమ్మకుండా ఉండటానికి నేనెవర్ని? నమ్మాను. పాజ్ వదిలాను.

"అయితే విను," అన్నది అత్త. "యుద్ధం రోజులు. బియ్యం దొరికేది కాదు. కురుచికుప్పం నుంచి ఆడోళ్లు వచ్చి ఆ కొట్టు ముందర కొంగులు పట్టుకోని నిలబడేది. ఆ ఇంటాయన న్యాయస్థుడు. పడి నింపి, పైన కర్రతో గీసి పోస్తాడు. ఒక గింజ తక్కువ కాదు, ఒక గింజ ఎక్కువ కాదు. ఆయన పెండ్లాం కనకం చూసి చూసి, ఒకనాడు ఆయన బువ్వ తిని పడుకున్నప్పుడు పడి ఎత్తుకోని మా పెరట్లోకి వచ్చేసింది. కింద గోనెపట్ట ఏసినాం, సద్దు రాకుండా. నేను పట్టుకున్నా, ఆమె రోకలితో లోపల కొట్టింది. అడుగు కిందికి దిగింది. చుట్టూ అంచు ఉండాది గదా, బయటికి తెల్దు. ఆ నాటినుంచి పడికి పిడికెడు ఎక్కువ పోయేది. మూడేండ్లు!"

తోలు చెప్పుల్లోంచి ఒక పాదం బయటికొచ్చింది. తర్వాత రెండోది. ఆయన ఉత్త కాళ్లతో నిలబడ్డాడు.

"బస్తాలు తగ్గతా ఉండాయని ఆయన ఎలకలనుకున్నాడు. బోన్లు పెట్టినాడు. పిల్లిని తెచ్చినాడు. చివరికి కన్నకొడుకునే కట్టె ఇచ్చి బస్తాల కాడ కూర్చోబెట్టినాడు, ఎలకల్ని కొట్టమని. బిడ్డ బడి ఎగ్గొట్టి కూర్చునేవాడు పాపం. ఆ ఇంట్లో ఎలకలే లేవు నాయినా! కనకం నా కాడికొచ్చి నవ్వి నవ్వి ఏడ్చేది. కొడుక్కి మాత్రం చెప్పలా. వాడికి అబద్ధం చెప్పను రాదమ్మా, నాయన అడిగితే ఒప్పేసుకుంటాడు అనేది. సరి, విన్నావు గదా. ఆ ఇంట్లో చెప్పమాక. పెట్టేయ్."

"చెప్పను," అన్నాడు లోకనాథన్. రిసీవరు వెంటనే పెట్టలేదు. తర్వాత ఆయన పాదాలు పడి ఉన్న బల్ల వైపు వెళ్లాయి. ఇత్తడి మీద ఉంగరం తగిలిన చప్పుడయింది. చెయ్యి లోపలికి పెట్టినట్టున్నాడు. ఒక వింత శబ్దం వచ్చింది. మొదట దగ్గు అనుకున్నాను. నవ్వు.

"దురైసామీ, టేపు చుట్టేయ్," అన్నాడు. "నువ్వు వేరే చోటు చూసుకో."

"ఏందన్నా ఇది? మాట ఇచ్చి..."

"ఈ హాల్లో ఎలకలుండాయి."

"ఎవర్‌సిల్వర్‌ని ఎలకలేం చేస్తాయన్నా?"

"నీకు తెల్దు. నేను చిన్నప్పుడు చానా ఎలకల్ని కాచినా. ఒక్కటీ దొరకలా. అంత గట్టి ఎలకలు." చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ అన్నాడు, "దామోదరం, ఈ హాలు నీకే. నేనుండే దాకా ఎవురూ అడగరు. మీటింగులో రాయిస్తా."

చిన్నమామ ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

వెళ్లేముందు తోలు చెప్పులు నా తెర ముందు ఆగాయి.

"అమ్మా గిరిజా, నేను ఆ ఇంటోణ్ణి కాదన్నా. ఎవురైనా అడిగితే నువ్వూ అంతే చెప్పు."

"సరేనన్నా," అన్నాను తెర వెనక నుంచి.

సాయంత్రం ఇంటికొచ్చి అత్తకు అంతా చెప్పేశాను. మాట తప్పినందుకు ఏ శిక్ష వేసినా పడటానికి సిద్ధంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాను. అత్త చేటలో పప్పు కాసేపు అటూ ఇటూ కదిపింది.

"మొత్తం విన్నాడా?"

"మొత్తం విన్నాడత్తా."

"నిలబడి విన్నాడా, కూర్చోని విన్నాడా?"

"నిలబడే."

చేట నేల మీద దబ్బున పెట్టింది. "బి.ఏ. చదివినావే! నువ్వు స్టూలెక్కి కూర్చోని, అంత వయసు మనిషిని నిలబెట్టి వాళ్లమ్మ కథ వినిపిస్తావా? రేపు పొద్దున్నే అక్కడొక కుర్చీ వేయించు. చేతులుండే కుర్చీ."